సొంతంగా చేసిన టూ-వే స్పీకర్: గొంతు పల్చగా వస్తోంది, వూఫర్ మార్చాలా?

హనుమకొండ_హైఫై:
అందరికీ నమస్తే. ఏడు నెలలుగా ఒక బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జత తయారు చేస్తున్నాను. కింది స్వరాలకి ఆరున్నర అంగుళాల వూఫర్, పై స్వరాలకి ఒక అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్. 18 ఎం.ఎం. ప్లైవుడ్ పెట్టె, ముందు పలక వెడల్పు 22 సెం.మీ., లోపల 14 లీటర్లు. పోర్టుకి, అంటే బాస్ కోసం పెట్టెకి పెట్టే గాలి గొట్టానికి, ప్లంబింగ్ షాపులో 5 సెం.మీ. పీవీసీ పైపు కొని 17 సెం.మీ. కోశాను, లెక్క ప్రకారం 45 హెర్ట్జ్‌కి ట్యూన్ అవ్వాలి. పెట్టెలు చేసింది మా వీధి వడ్రంగి. జీవితమంతా మంచాలు, పూజా మందిరాలు చేసిన చెయ్యి, మూలల్లో గోరు కూడా దూరదు.

పాటని వూఫర్‌కి, ట్వీటర్‌కి విడగొట్టే క్రాస్ఓవర్ సర్క్యూట్ మాత్రం రెడీమేడ్. దాని మీద 3 కిలోహెర్ట్జ్ అని రాసుంది.

మృదంగం తొప్పి (ఎడమ చేతి) వైపు మోత అసలు తెలియట్లేదు. గొంతు పల్చగా ఉంది, 'స', 'శ' చెవిలో గుచ్చుతున్నాయి. నాన్న రెండు పాటలు విని "పాత రేడియోనే నయం రా" అని లేచి వెళ్లిపోయారు. వూఫర్ మార్చాలా? ఇంకో పదివేలంటే ఇంట్లో నోరెత్తలేను.

బాస్_బాబాయ్:
కేబుల్ ఏది వాడుతున్నావ్? సిల్వర్ కోటింగ్‌ది వేసి చూడు.

వడ్రంగిపిట్ట:
కేబుల్ సంగతి వదిలెయ్ తమ్ముడూ. వూఫర్ జోలికీ పోకు.

115ని పలక వెడల్పుతో, మీటర్లలో, భాగించు. నీ 0.22కి 520 హెర్ట్జ్ చుట్టుపక్కల వస్తుంది. దానికి పైన శబ్దం పలకను ఆసరా చేసుకుని ముందుకే వస్తుంది. కిందికి పోయేకొద్దీ పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి పోతుంది. ఆరుబయట ఈ నష్టం 6 డీబీ (డెసిబెల్స్) దాకా ఉంటుంది. గోడ దగ్గర పెడితే కొంత తగ్గుతుంది. నీ తొప్పి మోత పోయింది అక్కడే. రెడీమేడ్ క్రాస్ఓవర్‌కి నీ పలక వెడల్పు ఎలా తెలుస్తుంది? అది వూఫర్‌ని 8 ఓమ్‌ల రెసిస్టర్ అనుకుంటుంది. నిజానికి ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ వూఫర్ లోపలి కాయిల్ ఇంపీడెన్స్ (కరెంటుకి అడ్డు) పెరుగుతుంది, కాబట్టి దాని మీద రాసిన 3 కిలోహెర్ట్జ్‌ని నమ్మకు.

ఇంకోటి. ఆ 3 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 11 సెం.మీ. పైచిలుకు. వూఫర్ కాయిల్ ట్వీటర్ కంటే 2 సెం.మీ. వెనక ఉంటే చాలు, అరవై డిగ్రీల ఫేజ్ తేడా, అంటే రెండు తరంగాలూ అడుగు కలపవు.

ముందు కొలువు. మైకు ఉంటే డాబా మీదికి ఎక్కించు. స్పీకర్, మైకు రెండూ రెండు మీటర్ల ఎత్తులో, మధ్య మీటరు దూరం. నేల మీంచి తిరిగొచ్చే శబ్దం 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. దాన్ని ఆర్ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్‌లో కత్తిరించేస్తే 110 హెర్ట్జ్ పైన కొలత నమ్మొచ్చు. తర్వాత ట్వీటర్ వైర్లు తిరగేసి మళ్లీ కొలువు. రెండు డ్రైవర్ల (వూఫర్, ట్వీటర్ల) ఫేజ్ కుదిరి ఉంటే, అవి కలిసే చోట గ్రాఫ్‌లో పెద్ద గుంట పడాలి.

హనుమకొండ_హైఫై:
అన్నా, స్టూలు మీద స్టూలు పెట్టి కొలిచాను, పక్కింటి వాళ్లు ఏదో పూజ అనుకున్నారు. 500 నుంచి కిందికి 5 డీబీ జారింది. ట్వీటర్ తిరగేసినా 3 కిలోహెర్ట్జ్ దగ్గర గీత కదల్లేదు. అంటే?

వడ్రంగిపిట్ట:
అంటే రెండూ తొంభై డిగ్రీల తేడాలో ఉన్నాయి, ఎటు తిప్పినా ఒకటే. ఆ కొలతలే వితుయిక్స్‌క్యాడ్ అనే స్పీకర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వేసి క్రాస్ఓవర్ మొదట్నుంచి గియ్యి. రెండు డ్రైవర్లూ ఆక్టేవ్‌కి 24 డీబీ వాలుతో, కలిసే చోట చెరో 6 డీబీ దిగేలా చూసుకో. వూఫర్ ముందు పెద్ద కాయిల్ పడుతుంది, దాంతో కింద పోయింది సర్దుకుంటుంది. సెన్సిటివిటీ (అదే వాల్యూమ్‌కి వచ్చే మోత) మూడు నాలుగు డీబీలు తగ్గుతుంది, దానికి ఏడవకు.

హనుమకొండ_హైఫై:
మూడు వారాల తర్వాత. 1.5 మిల్లీహెన్రీ కాయిల్ కావాలంటే హైదరాబాద్ కోఠీ దాకా పోవాలనుకున్నాను. మా బోరు మోటారు వైండింగ్ చేసే ఆయన పీవీసీ ముక్క మీద 18 గేజ్ తీగ చుట్టి ఇచ్చాడు, మీటర్‌లో 1.46 చూపించింది. ఇప్పుడు కలిసే చోటు 2200 హెర్ట్జ్. ట్వీటర్ తిరగేస్తే లోతైన గుంట పడుతోంది. వాల్యూమ్ కాస్త ఎక్కువ తిప్పాల్సి వస్తోంది, అంతే. తొప్పి మోత వచ్చింది. 'శ' ఇంకా కొంచెం కొడుతోంది, ట్వీటర్ ముందు రెసిస్టర్ పెంచి చూడాలి.

నాన్నకి ఇంకా వినిపించలేదు. కుడి స్పీకర్ ఒక్కటే అయింది. రెండో కాయిల్ చుట్టాల్సిన మనిషి పెళ్లికెళ్లాడు, సోమవారం వస్తాడట.