పాపికొండల అంచు ఊరు: అడ్డాకు విస్తర్ల మిషనా, కొండ తేనెనా, హోమ్‌స్టేనా?

వాగొడ్డు (ప్రశ్న)

మారేడుమిల్లి మండలంలో ఒక కొండరెడ్ల (గిరిజనుల) ఊరి గురించి అడుగుతున్నాను. పాపికొండలు నేషనల్ పార్కు హద్దు అక్కడికి రెండు కిలోమీటర్లు. 22 మంది ఆడవాళ్ల పొదుపు సంఘం ఉంది. బ్యాంకు లోనుతో కలిపి నాలుగు లక్షల దాకా పెట్టగలరు. ఇప్పుడు అడ్డాకు (విస్తర్లు కుట్టే అడ్డ తీగ ఆకు) ఎండబెట్టి కట్టలుగా, తేనె పాత నూనె డబ్బాల్లో పోసి సంతకు తీసుకెళ్తున్నారు. సొంతంగా సరుకు తయారు చేసి అమ్మాలని ఆలోచన.

1. విస్తర్ల మిషన్, తేనె శుద్ధి, హోమ్‌స్టే. మూడింట్లో ముందు ఏది?
2. పార్కు పక్కనే కాబట్టి ఏ కాగితాలు ఉండాలి?
3. రాజమండ్రి నుంచి ఒకాయన రోడ్డు పక్క ఎకరం లీజుకిస్తే రిసార్టు కడతాను, పదిమందికి పని ఇస్తాను అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

కరెంటు సింగిల్ ఫేజ్. సాయంత్రమైతే వోల్టేజి 180కి పడిపోతుంది.

---

పట్టాపుస్తకం

మూడోది ముందు తేల్చేద్దాం, అసలు చర్చకే రానిది అది. 1/70 చట్టంలో (ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది) బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదండి. లీజు, తాకట్టు, దానం, మార్పిడి అన్నీ అందులోకే వస్తాయి. ఏజెన్సీలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి లీజుకిచ్చిన కాగితం నోటరీ చేయించినా చెల్లదు. ఆ ఎకరం ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా (అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చింది) అయితే మరీ స్పష్టం: వారసులకు దక్కుతుంది, ఇంకెవరికీ బదిలీ కాదు. "ఊళ్లో ఒకరి పేరు మీద పెడదాం" అనే మాట తర్వాత వస్తుంది చూడండి. కేసు పడితే ఇరుక్కునేది ఆ పేరున్న మనిషే.

ఇక కాగితాలు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ప్రకారం, సంప్రదాయంగా సేకరిస్తున్న చిన్నతరహా అటవీ ఫలసాయం (అడ్డాకు, తేనె లాంటివి) మీద యాజమాన్యం సేకరించేవాళ్లదే. దాని రూల్స్‌లో "అమ్ముకోవడం" అన్నదానికి అర్థం కూడా రాశారు: నిల్వ, ప్రాసెసింగ్, విలువ పెంచడం, అడవి లోపలా బయటా రవాణా, ఇవన్నీ సేకరించేవాళ్ల సంఘాలు చేసుకోవచ్చు. రాయల్టీ, ఫీజు ఏదీ లేదు. 2012 సవరణ తర్వాత రవాణా పర్మిట్ ఇవ్వాల్సింది గ్రామసభ వేసిన కమిటీ. చెక్‌పోస్టులో ఆటో ఆపితే చూపించాల్సింది అదే. అందుకని మిషన్ కొనకముందే ఈ మూడూ చేయండి:

గ్రామసభ పెట్టి, ఏ సరుకు ఏ కొండ నుంచి ఏ నెలల్లో తెస్తారో తీర్మానం రాయించండి. పర్మిట్ ఇచ్చే ఆ కమిటీ (రూల్ 4(1)(ఇ) కింద వేసేది) ఉందో లేదో చూడండి. చాలా ఊళ్లలో కాగితం మీద ఉంటుంది, పర్మిట్ పుస్తకం మాత్రం ఉండదు. అచ్చు వేయించి వరస నంబర్లు వేసుకోండి. సామూహిక హక్కు పత్రం ఉంటే దాని మ్యాప్ నకలు దగ్గర పెట్టుకోండి.

పార్కు లోపల మాట వేరు. హక్కుల చట్టం దృష్టిలో నేషనల్ పార్కు కూడా అటవీ భూమే. కానీ వన్యప్రాణి చట్టం సెక్షన్ 35 పట్టుకుని సిబ్బంది ఆపుతారు. వాదన రెండు వైపులా ఉంది, అయితే వాదన తేలేదాకా ఆకు ఆగదు, కుళ్లిపోతుంది. వ్యాపారం లెక్క మొత్తం హద్దుకు ఇవతలి కొండల మీదే వేసుకోండి.

జీసీసీ (గిరిజన సహకార సంస్థ) గురించి కూడా. ఏజెన్సీలో నోటిఫై చేసిన సరుకు కొనే గుత్తహక్కు 1979 రెగ్యులేషన్ కింద జీసీసీకి ఉంది. మీ సంఘం తన సరుకు తాను అమ్మితే ఇబ్బంది లేదు. పక్క ఊళ్ల పచ్చి సరుకు కొనడం మొదలుపెడితేనే మీరు వ్యాపారుల లెక్కలోకి వస్తారు. పక్క ఊరి వాళ్లను సభ్యులుగా చేర్చుకోండి, సరుకు కొనకండి.

వన్‌ధన్ (అటవీ సరుకు తయారీకి సాయం చేసే కేంద్ర పథకం) కేంద్రానికి 15 సంఘాలు, మొత్తం 300 మంది కావాలి. 22 మందితో విడిగా రాదు. దగ్గర్లో ఉన్న కేంద్రంలో చేరడానికి రంపచోడవరం ఐటీడీఏలో అడగండి.

---

అడ్డతీగ

ముందు విస్తర్లే. తేనె ఏడాదిలో కొద్ది నెలలు, ఆకు చాలా కాలం దొరుకుతుంది. విస్తరి ఆహారం కాదు కాబట్టి ఫుడ్ లైసెన్సు గొడవ కూడా లేదు. 2018 జులైలో జీఎస్టీ జాబితాలో "సియాలి ఆకులు, వాటితో చేసినవి" సున్నా పన్నులోకి వచ్చాయి. సియాలి అంటే ఒడిశా వాళ్ల పేరు, మన అడ్డే. బిల్లు మీద "పేపర్ ప్లేటు" అని రాస్తే వేరే లెక్కలోకి పోతుంది, "అడ్డాకు విస్తరి" అనే రాయండి.

మిషన్ల అమ్మకందారులు రోజుకు ఇన్ని వేల ప్లేట్లు అంటారు. ఆ అంకె పక్కన పెట్టి ఆకు నుంచి లెక్క మొదలుపెట్టండి. భోజనం విస్తరికి రెండు పొరలకు ఆరు ఆకులు పట్టాయనుకుందాం. వెయ్యి విస్తర్లకు ఆరు వేల ఆకులు. చిరుగులు, పురుగు తిన్నవి పదో వంతు తీసేస్తే మరో 670 దాకా అదనంగా కోయాలి. ఒక మనిషి ఒక పూటలో ఎన్ని ఆకులు తెస్తుందో నాలుగు రోజులు లెక్కపెట్టి చూడండి. అప్పుడు తెలుస్తుంది మీకు ఎంత మిషన్ కావాలో. చాలా చోట్ల మిషన్ సగం రోజు ఖాళీగా ఉండేది ఆకు చాలకే.

కోత: ముదురు ఆకు కావాలి, మరీ పండినది కాదు. లేత ఆకు ఎండగానే ముడుచుకుపోతుంది. కొడవలితో తొడిమ దగ్గర కోయాలి, పైన ఆకు అందడం లేదని తీగ నరకకూడదు. అడ్డ పెద్ద తీగ, చెట్ల తలల దాకా పాకుతుంది. కింద నరికితే మీదున్న ఆకంతా ఆ ఒక్కసారికే. కొండను నాలుగు భాగాలు చేసి వంతుల వారీగా కోయండి. కొస చిగుళ్లు, కాయ ఉన్న కొమ్మలు వదిలేయండి. కాయ పగిలి గింజ రాలితేనే కొత్త తీగ.

ఎండబెట్టడం: సరుకు పోయేదంతా ఇక్కడే. తెచ్చిన రోజే పరచాలి. కుప్పగా రాత్రంతా ఉంచితే లోపల వేడెక్కి నల్ల మచ్చలు పడతాయి, ఆ మచ్చ తర్వాత పోదు. మొదట నీడ, తర్వాత లేత ఎండ. సగం ఆరాక దొంతరలుగా పేర్చి పైన రాయి పెడితే చదునుగా వస్తుంది. ఈనె పుటుక్కున విరిగేదాకా ఆరితే నిల్వకు సిద్ధం. వానలకు ముందే ఆ సీజన్‌కు సరిపడా ఆకు లోపల చేరాలి. నేల మీద కాదు, అడుగు ఎత్తున వెదురు తడక మీద, గోడకు తగలకుండా.

నొక్కడం: ఎండిన ఆకు అలాగే డై (మిషన్‌లో వేడి అచ్చు) కింద పెడితే పెంకులా పగులుతుంది. ముందు రోజు సాయంత్రం నీళ్లు చిలకరించి తడి గోనెలో చుట్టి ఉంచండి. పొద్దున వేలికి చుట్టినా విరగకుండా ఉండాలి, అరచేతికి తడి మాత్రం అంటకూడదు. తడి ఎక్కువైతే ఆకు డై కింద ఉడికి, అంచు మళ్లీ విచ్చుకుంటుంది, నాలుగో రోజుకి బూజు. ఆకులు కలపడానికి కుట్టు మిషన్ నూలు దారం, లేదా ఈనెపుల్లలు. స్టాప్లర్ పిన్ను వద్దే వద్దు. మైదా జిగురు కూడా వద్దు, పురుగు పడుతుంది. వెనక అట్ట వేస్తే మామూలు అట్టే వేయండి. మెరిసే ప్లాస్టిక్ పొర ఉన్న అట్ట చవకగా గట్టిగా ఉంటుంది, కానీ అది వేశాక మీది ఆకు విస్తరి కాదు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు నిషేధం, మీ గిరాకీకి కారణమే అది.

వేడి ఇంత డిగ్రీలు అని గోడ మీద రాసుకోవద్దు. ఆకు తడిని బట్టి మారుతుంది. రోజూ మొదటి పది ప్లేట్లు పరీక్షకు వదిలేయండి: అంచు గోధుమరంగు తిరిగితే వేడి తగ్గించాలి, పది నిమిషాల్లో అంచు లేచిపోతే వేడి గానీ నొక్కి ఉంచే సమయం గానీ పెంచాలి.

మీ వోల్టేజి సంగతి అసలు చిక్కు. హీటర్ శక్తి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230కి 1.5 కిలోవాట్ల హీటర్, 180 దగ్గర 0.92 మాత్రమే ఇస్తుంది. అంటే దాదాపు నలభై శాతం పోయినట్టే. హైడ్రాలిక్ మోటారు అయితే తక్కువ వోల్టేజికి ఎక్కువ కరెంటు లాగి వైండింగ్ కాలుతుంది. కాబట్టి కాలితో తొక్కే పెడల్ మిషన్, హీటర్ ఉన్న డై, పని పొద్దున పూటే. స్టెబిలైజర్ కొంటే 180 కంటే కింద నుంచి పనిచేసేది కొనండి, 170 దిగితే ఆగిపోయేవి బజారులో బోలెడు.

---

తేనెపట్టు

విస్తర్లు ముందు అన్నది ఒప్పుకుంటాను, కానీ తేనెను పక్కన పెట్టక్కర్లేదు. దానికి కావాల్సింది మిషన్ కాదు, కోసే పద్ధతి.

కొండ తేనెలో తేమ 22 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) పరిమితి 20. అంతకు మించితే తేనెలోని ఈస్టు లేచి నెల రెండు నెలల్లో నురగ, పులిసిన వాసన, మూత ఎగిరిపోవడం. పెర మొత్తం కోసి గుడ్డలో పిండితే పిల్ల పురుగుల రసం, పుప్పొడి కలిసి తేమ ఇంకా పెరుగుతుంది. తేనె ఉండేది పెర పైభాగంలో, కొమ్మకు అంటుకున్న చోట. మైనంతో మూతపడిన గదులున్న ఆ భాగం మటుకే కోసి, పిల్లలున్న కింది భాగం వదిలేయండి. ఈగ మళ్లీ కట్టుకునే అవకాశం ఉంటుంది. కాగడాతో కాల్చకుండా పచ్చాకు పొగ చాలు. వాన పడ్డ మర్నాడు కోయవద్దు.

మైనం మూతలు కత్తితో గీకి పెరను జల్లెడ మీద పెట్టి దానంతట అది కారనివ్వండి. పిండింది వేరే డబ్బాలో, దాన్ని సీసాల్లోకి కలపవద్దు. తర్వాత సన్న నైలాన్ వల, ఆపై మూతపెట్టిన స్టీలు పాత్రలో రెండు మూడు రోజులు. నురగ, మైనం పైకి తేలతాయి, కింది కుళాయి నుంచి పట్టాలి. నూనె డబ్బాలు, జింకు పూత రేకు మానేయండి, తేనె పులుపుకి లోహం కరుగుతుంది.

చేతి రిఫ్రాక్టోమీటర్ (చుక్క వేసి తేమ చూసే పరికరం) ఒకటి కొనండి, బ్రిక్స్ (చక్కెర శాతం) స్కేలు కాదు, తేనె తేమ స్కేలు ఉన్నది. తేమ తగ్గించాలంటే నీళ్ల తొట్టిలో 45 డిగ్రీలు మించకుండా, వెడల్పు పాత్రలో కలుపుతూ. పొయ్యి మీద నేరుగా కాచితే హెచ్‌ఎంఎఫ్ (వేడికి తేనెలోని చక్కెర నుంచి పుట్టే పదార్థం) పెరుగుతుంది, పరిమితి కిలోకు 80 మిల్లీగ్రాములు. ధర వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి: 24 శాతం తేమ ఉన్న 100 కిలోలను 20కి తెస్తే మిగిలేది 95 కిలోలు. ఐదు కిలోల నీరు ఎవరి ఖాతాలో పోవాలో సభ్యులతో ముందే మాట్లాడుకోకపోతే సంఘం అక్కడే చీలుతుంది. తేమను బట్టి రెండు ధరలు పెట్టడం మేలు.

తేనెకు మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి. లేబుల్ మీద బ్యాచ్, తేదీ, నికర బరువు తప్పనిసరి. సర్టిఫికెట్ లేకుండా "ఆర్గానిక్" అని వేయకండి. "అడవి తేనె" చాలు.

---

వాగొడ్డు

పట్టాపుస్తకం గారూ, లీజు మాట ఊళ్లో చెప్పేశాను. ఇంకో సందేహం. రిసార్టు కాదంటే ఊరి వాళ్లే రెండు మూడు గదుల హోమ్‌స్టే పెట్టుకుంటే? బొంగు చికెన్ కోసం శనాదివారాలు జనం బాగానే వస్తున్నారు కదా.

---

కంకబొంగు

పెట్టుకోవచ్చు, కానీ నీళ్ల లెక్క చూసి. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే నిబంధనల్లో ఆరు గదులు, 12 పడకలు గరిష్ఠం, ఇంటివాళ్లు అక్కడే ఉండాలి. పట్నం మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే పన్నెండు మందికి 1,620. ఊళ్లో కుళాయికి జల్ జీవన్ లెక్క మనిషికి 55. అంటే పన్నెండు మంది అతిథులు వస్తే దాదాపు 30 మంది ఊరివాళ్ల నీళ్లు. మే నెలలో మీ ఊట ఎంత ఇస్తుందో బిందెతో కొలిచి, దాన్ని బట్టి గదులు. రెండుతో మొదలుపెట్టండి. మరుగుదొడ్డికి జంట గుంతలు, ఊట నుంచి పది మీటర్లకు తగ్గకుండా, వాలులో ఊటకు కింద వైపు. రెండూ ఒకేసారి వాడితే జంట గుంతలు పెట్టిన లాభం లేదు. ఒకటి నిండాక మూసి కనీసం ఏడాది వదిలేయాలి.

బొంగు చికెన్ దగ్గర ఎవరూ మాట్లాడనిది వెదురు. ఒక బొంగు ఒక్కసారికే. మాడకుండా ఉండాలని పచ్చిగా, లేతగా ఉన్నదే కోస్తారు. పొదలో ఏడాది లోపు బొంగులు కొడుతూ పోతే పొద సన్నబడుతుంది, తర్వాతి ఏడు కొమ్ములు (కొత్త మొలకలు) తక్కువ. నియమం సులువే: ఈ ఏడు వచ్చినవి ముట్టుకోకండి, వానాకాలంలో కొట్టకండి, నేల నుంచి జానెడు ఎత్తులో కణుపు పైన కోయండి. అంతకన్నా మంచిది పట్టా భూమి గట్ల మీద నాటుకోవడం. 2017 సవరణ తర్వాత అడవి కాని నేలలో పెంచిన వెదురు చట్టం ప్రకారం చెట్టు కాదు, కోతకు అనుమతి గొడవ తగ్గింది. నాటిన నాలుగైదేళ్లకు గానీ చేతికి రాదు కాబట్టి ఈ తొలకరికే వేయండి.

అడ్డతీగ గారు చెప్పిన వరసతో నాకు ఒక్క చోట తేడా. నాలుగు లక్షలూ మిషన్‌కు పోయకండి. సగానికి తక్కువ మిషన్‌కు, మిగిలినది ఆకు నిల్వ గదికీ, మూడు నెలల కూలికీ. కేటరింగు వాళ్లు అరువు అడుగుతారు. చేతిలో డబ్బు లేకపోతే ఎండిన ఆకు మళ్లీ సంతకే పోతుంది.

---

అడ్డతీగ

కంకబొంగు గారి మాట సబబే, గది లేకుండా మిషన్ వద్దు. మొదటి ఆర్డరు పెళ్లిళ్లకు ఒప్పుకోకండి. ఒక్కరోజు ఆలస్యమైతే మొత్తం సరుకు వెనక్కి వస్తుంది. గుడి అన్నదానం లాంటి రోజువారీ గిరాకీ చిన్నదైనా మేలు. నమూనాగా 50 విస్తర్లు ఇచ్చేముందు పది తీసి, వేడి సాంబారన్నం పెట్టి అరగంట వదలండి. అడుగున తడి దిగిందంటే ఆకు మీద ఆకు సరిపడా ఎక్కలేదని అర్థం, జోడు దగ్గర రెండు వేళ్ల వెడల్పు ఉండేలా కుట్టండి.