అంత నూనె తిన్నా మా తమ్ముడికి వెంటనే ఆకలెందుకు?

మాది పర్లాకిమిడి. ప్లస్ టూ చదివే మా తమ్ముడు ట్యూషన్ నుంచి వస్తూ ఎగ్ రోల్, చౌమిన్, ఒక్కోసారి ఫ్రైడ్ చికెన్, ఫింగర్ చిప్స్ తినేసి వస్తాడు. అంత నూనె పడ్డాక రాత్రి అన్నం తగ్గిస్తాడనుకుంటాం. అదేం లేదు, మామూలుగానే తింటాడు, పడుకునేముందు మళ్లీ ఆకలంటాడు. బరువు పెరుగుతున్నాడని అమ్మకు టెన్షన్.

కొవ్వు చిన్నపేగులోకి చేరితే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలై, కడుపు ఖాళీ అవడం నెమ్మదిస్తుందని చదివాను. మరి ఆకలి తగ్గాలి కదా! కానీ గ్రాము కొవ్వులో 9 కేలరీలుంటే, ప్రొటీన్‌లోనూ పిండిపదార్థంలోనూ దాదాపు 4 చొప్పునే. అంటే చిన్న పొట్లంలోనే బోలెడు కేలరీలు వెళ్లిపోతాయి, కడుపు మాత్రం నిండదు. 1995లో సిడ్నీ పరిశోధకులు సమాన కేలరీలున్న రకరకాల పదార్థాలు తినిపించి చూస్తే, ఉడికించిన బంగాళాదుంప అన్నిటికంటే ఎక్కువ తృప్తినిచ్చింది. వెన్నతో చేసే క్రోసాంట్ అనే పొరల బ్రెడ్ అట్టడుగున నిలిచింది. అదే దుంప నూనెలో వేగితే సంగతి మారిపోతుందన్నమాట.

ఇందులో అసలు కారణం కొవ్వా, పీచు లేని మైదానా, గబగబా మింగేయడమా? రోజూ వేపుళ్లు తింటే ఆ హార్మోన్ సంకేతం మొద్దుబారుతుందా? రోల్ బదులు ఘుగుని (ఎండు బఠాణీల కూర), ఉడికించిన గుడ్లు పెడితే రాత్రి ఆకలి ఆగుతుందా? ఎదిగే పిల్లాడు, తిండి దగ్గర తిట్టడం నాకు ఇష్టం లేదు. పోషకాహారం తెలిసినవాళ్లు, ఈ వయసు పిల్లలున్నవాళ్లు దయచేసి చెప్పండి.