అమ్మకి ఎన్‌సీఎస్ (నరాల టెస్టు), ఈఎంజీ (కండరాల టెస్టు) రాశారు, బాగా నొప్పి ఉంటుందా?

తెనాలి అబ్బాయి:
అందరికీ నమస్తే. మా అమ్మకి ఎప్పట్నుంచో షుగర్ ఉంది, ఈ మధ్య కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఒకటే తిమ్మిర్లు, రాత్రిళ్లు లేచి కూర్చుని చెయ్యి విదిలించుకుంటోంది, పొద్దున గ్లాసు పట్టుకుంటే జారిపోతోంది. న్యూరాలజిస్టు ఈ రెండు టెస్టులూ రాశారు. పక్కింటావిడేమో కరెంటు పెడతారు సూదులు గుచ్చుతారు అని చెప్పేసరికి అమ్మ రానంటే రానంటోంది. లోపల అసలేం చేస్తారు? పరగడుపున తీసుకెళ్లాలా? రక్తం పలచబడే మాత్ర వాడుతోంది, ఆపాలా?

ఖమ్మం టీచర్:
నాకు పోయినేడు చేశారండి. ముందు ఎన్‌సీఎస్. వేళ్లకీ అరచేతికీ చిన్న ప్యాడ్లు అంటించి మణికట్టు దగ్గర, మోచేతి దగ్గర టక్కున షాక్ ఇస్తారు, మోచెయ్యి తలుపుకి కొట్టుకుంటే జివ్వుమంటుంది చూడండి అలా ఉంటుంది, వేలు దానంతటదే ఎగురుతుంది. తక్కువతో మొదలుపెట్టి పెంచుతారు కాబట్టి చివరివి కాస్త గట్టిగా తగులుతాయి, కానీ క్షణంలో పోతుంది. తర్వాత ఈఎంజీ, సన్న సూది కండలో పెట్టి వదులుగా ఉంచమంటారు, తర్వాత బిగించమంటారు. ఆ సూదిలోంచి కరెంటు రాదు, అమ్మకి ఇది తప్పకుండా చెప్పండి, నేను దానికే ఎక్కువ భయపడ్డాను. స్పీకర్లోంచి బరబరమని సౌండ్ వస్తుంది, అది మన కండ చప్పుడే. బొటనవేలి కింద గుచ్చినప్పుడు మాత్రం నొప్పేసింది, అబద్ధం చెప్పను. మర్నాడు కొంచెం కమిలింది, అంతే.

న్యూరో ల్యాబ్ టెక్నీషియన్:
పరగడుపు అక్కర్లేదండి, షుగర్ ఉన్నవాళ్లని ఖాళీ కడుపుతో అసలు తీసుకురావద్దు. స్నానం చేయించి తీసుకురండి, ఒంటికి నూనె, క్రీము, పౌడరు ఏమీ రాయకండి, ప్యాడ్లు అంటుకోవు. ఉంగరాలు, గాజులు, వాచీ ఇంట్లోనే తీసేస్తే మేలు, చేతులు వదులుగా ఉన్న జాకెట్టు వేసుకోమనండి. చేతులు వెచ్చగా ఉండాలి. చల్లబడితే ఒక్కో డిగ్రీకి నరంలో సిగ్నల్ వెళ్లే వేగం సెకనుకి సుమారు 2 మీటర్లు పడిపోతుంది, జబ్బు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే ఏసీలో వణుకుతూ ఉంటే దుప్పటి అడగండి, మొహమాటపడొద్దు. పలచబడే మాత్ర మీ అంతట మీరు ఆపకండి, అది ప్రమాదం, రాసిన డాక్టర్నే అడగండి, సూది పెట్టే డాక్టరుకి కూడా ముందే చెప్పండి. పేస్‌మేకర్ ఉన్నా చెప్పాలి. షుగర్ ఉంది కాబట్టి కాళ్లకీ చేయొచ్చు, అప్పుడు గంట దాటుతుంది, తొందరపడి ఆటో మాట్లాడుకుని రాకండి.

వరంగల్ అన్న:
తమ్ముడూ, చిటికెనవేలికి తిమ్మిరి లేదంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కావొచ్చు, కార్పల్ టన్నెల్ అంటారు, మా ఆవిడకి అదే. ఏదైనా డాక్టరే తేల్చాలి. ఇంకోటి, రిపోర్టు నార్మల్ వచ్చినా అరికాళ్లు మంటలంటే వదిలేయకు, ఈ టెస్టు పెద్ద నరాలనే చూస్తుంది, మంట, నొప్పి మోసే సన్న నరాలు ఇందులో దొరకవు.

తెనాలి అబ్బాయి:
థాంక్స్ అందరికీ. చిటికెనవేలు బానే ఉందంది. సూదిలో కరెంటు ఉండదని చదివి వినిపిస్తే, నువ్వు పక్కనే ఉంటే వస్తానంది. లోపలికి రానిస్తారా?

న్యూరో ల్యాబ్ టెక్నీషియన్:
మా దగ్గరైతే ఒకరిని రానిస్తామండి. మీరు వెళ్లేచోట ఫోన్ చేసి కనుక్కోండి, పాత రిపోర్టులూ, వాడే మాత్రల చీటీ కూడా పట్టుకెళ్లండి.