సమస్యాపూరణం: “చచ్చినట్టివాడె సంచికమ్మె”

ద్రుతం (నిర్వహణ):
ఈ వారం సూపర్ హీరోల కామిక్సు మీద పూరణలు అడగమని చాలా రోజులుగా ఇద్దరు ముగ్గురు నా వెంట పడుతున్నారు. సరే, తీసుకోండి. ఛందస్సు ఆటవెలది, పైది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాయాలి. “సంచికమ్మె” అని కలిపి రాశాను, ఎలా విడగొడతారో మీ ఇష్టం. వృత్తాంతం మాత్రం కామిక్సు నుంచే రావాలి. సినిమా చూసి రాస్తే తెలిసిపోతుంది.

పాత సంచిక:
నాకు వెంటనే తట్టింది 1992 నవంబరు. సూపర్‌మ్యాన్ 75వ సంచిక, అతను చచ్చిపోయినది.

నింగి నెగురునపుడు నెవ్వరుఁ గొనలేదు
నేల కొరిగె ననిన నిండె బారు
బ్రతికి సాధ్యపడని పని చావు చేసెను
చచ్చినట్టివాడె సంచికమ్మె

యతిభంగం:
మూడో పాదం బాగుంది. మొదటి పాదంలో “నెవ్వరు” దగ్గర నకారం ఎక్కడి నుంచి ఊడిపడింది? “ఎగురునపుడు” చివర ద్రుతం, అంటే నకారం, లేదు. ఉకారసంధి జరిగి “ఎగురునపు డెవ్వరు” అవుతుంది, అప్పుడు యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి, పోతుంది. ఇక రెండో పాదంలో నిండిన బారు ఏ బారు? వరసా, ఇంకోటా?

పాత సంచిక:
వరసేనండీ, ఆ రోజు దుకాణాల బయట కట్టిన వరస. ఇంకోటి నిండిందో లేదో నాకు తెలీదు. నకారం సంగతి ఒప్పుకుంటున్నాను.

ద్రుతం (నిర్వహణ):
“నింగి నెగురు వేళ నెవ్వరుఁ గొనలేదు” అంటే సరిపోతుంది. “వేళన్” కాబట్టి నకారానికి హక్కుంది. నా పేరు పెట్టుకున్న సంధి దగ్గరే తప్పు జరిగితే చూస్తూ ఊరుకోలేను.

బెలూన్ మాట:
అసలు మొదట్లో అతను నింగి నెగరలేదు కదండీ. 1938లో సీగెల్, షుస్టర్ సృష్టించినప్పుడు మైలులో ఎనిమిదో వంతు దూకేవాడు, అంతే. ఎగరడం తర్వాత అబ్బింది.

పాత సంచిక:
పద్యం 1992 గురించి. అప్పటికి బాగానే ఎగురుతున్నాడు. “ఎవ్వరుఁ గొనలేదు” అన్నది మాత్రం అతిశయోక్తే. కొనేవాళ్ళు ఉన్నారు, నేను మరీ పిండుకున్నాను.

కేపు లేని కవి:
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పద్యం. తిట్టినా పరవాలేదు.

సూపర్‌మ్యాన్ చచ్చాడు ఊరంతా ఏడ్చింది
ఏడు చివర మళ్ళీ ఎదురు వచ్చె
కంటి నీరు తుడిచి కాసులు లెక్కించి
చచ్చినట్టివాడె సంచికమ్మె

యతిభంగం:
మొదటి పాదం వచనం. “సూపర్‌మ్యాన్” అన్నిటికీ పొల్లులే, మూడు మాత్రల సూర్యగణంలో కూర్చోబెట్టాలంటే కాళ్ళు విరవాలి. రెండో పాదంలో “మళ్ళీ” రెండు గురువులు, అక్కడ పట్టదు. మూడో పాదం నిజంగా మీదేనా?

కేపు లేని కవి:
నాదేనండీ. అదొక్కటే ముందు వచ్చింది. మిగతావి దాని కోసం వెతుక్కున్నాను.

ద్రుతం (నిర్వహణ):
పద్యాలు చాలామందికి అలాగే వస్తాయి. పేరు వదిలేసి “ఉక్కు మనిషి” అనండి, చక్కగా రెండు సూర్యగణాలు. “మళ్ళీ”ని “మరల” చేయండి.

ఉక్కు మనిషి వెళ్ళె నూరంత యేడ్చెను
ఏడు చివర మరల నెదురు వచ్చె
కంటి నీరు తుడిచి కాసులు లెక్కించి
చచ్చినట్టివాడె సంచికమ్మె

ఇప్పుడు చూడండి. చచ్చినవాడే తిరిగొచ్చి కొట్లో కూర్చుని తన చావు సంచికను తానే అమ్ముతున్నాడు. పాత సంచిక గారి పూరణలో అమ్మింది చావు, ఇక్కడ అమ్మింది మనిషి. హాస్యంలో ఇదే ఓ మెట్టు పైన ఉంది.

కేపు లేని కవి:
పైగా 1993లో తిరిగొచ్చేటప్పుడు నల్ల దుస్తులు, భుజాల దాకా జుట్టు. పోయి జుట్టు పెంచుకుని వచ్చాడు. దాన్ని కూడా ఎక్కించాలనుకున్నాను, గణాలు కుదరలేదు.

గళ్ళకాగితం:
నేను విరుపు మార్చాను. ఆ 75వ సంచికనే ఒక రకం నల్లటి ప్లాస్టిక్ సంచిలో మూసి అమ్మారు. సంచి మీద ఎర్రగా కారుతున్న అతని గుర్తు, లోపల చేతికి కట్టుకునే నల్ల పట్టీ.

నల్లరంగు తొడుగు నడుమ నెత్తుటి గుర్తు
చేతిపట్టి నలుపు, చింత నలుపు
లోన నున్నవాడు లోకాల కాపరి
చచ్చినట్టివాడె, సంచి కమ్మె

యతిభంగం:
“సంచి కమ్మె”. దేన్ని కమ్మింది? కర్మ లేదు.

గళ్ళకాగితం:
చీకటి కమ్మింది అంటాం, మబ్బు కమ్మింది అంటాం. దేన్ని అని అడుగుతామా?

యతిభంగం:
అడగం. సరే, ఊరుకుంటున్నాను.

ద్రుతం (నిర్వహణ):
ఈ సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఉన్నది “సంచిక + అమ్మె”, ఇంకా “సంచికి + అమ్మె”. ఈ మూడో విరుపు నాకే తట్టలేదు. నాలుగో పాదం మధ్యలో వాక్యం ఆగిపోయి, చివరి రెండు గణాలు విడిగా మిగలడం చాలా బాగుంది. పుటల లెక్క కూడా గుర్తొచ్చింది. ముందు వచ్చిన సంచికలో పుటకు నాలుగు బొమ్మలు, తర్వాత దాంట్లో మూడు, ఆ తర్వాత రెండు, 75లో పుట మొత్తం ఒకటే బొమ్మ. చావు దగ్గర పడేకొద్దీ గడులు తగ్గుతూ వచ్చాయి. గళ్ళకాగితం అని పేరు పెట్టుకున్న మీరు దాన్ని ఎలా వదిలేశారు?

గళ్ళకాగితం:
దానికి ఇంకో పద్యం కావాలి. ఒక పద్యంలో ఒక నలుపు చాలు.

బెలూన్ మాట:
సూపర్‌మ్యాన్‌ను ఇక వదిలేద్దాం. ఇది 1988లో జేసన్ టాడ్ మీద. బ్యాట్‌మ్యాన్ సహచరుడు, రెండో రాబిన్.

డెబ్బదియును రెండు డింభకు జీవమ్ము
ఫోను చేసి జనులె పొమ్మనిరట
కత్తి పట్టకుండ కథలోనఁ జంపిరి
చచ్చినట్టివాడె సంచికమ్మె

కేపు లేని కవి:
డెబ్బై రెండు ఏమిటండీ?

బెలూన్ మాట:
ఓట్ల తేడా. బ్యాట్‌మ్యాన్ శత్రువు జోకర్ చేతిలో ఆ పిల్లవాడు బతకాలా, చావాలా అని పాఠకులనే అడిగారు. ఒక ఫోన్ నంబరు బతకడానికి, ఇంకోటి చావడానికి. చావమని 5,343, బతకమని 5,271.

యతిభంగం:
గణాలన్నీ సరిగ్గా ఉన్నాయి, “డె-డిం” యతి కూడా ముచ్చటగా ఉంది. కానీ పద్యం కింద ఇంత వచనం వేస్తేగాని అర్థం కాకపోతే అది సగం పద్యమే. కనీసం “వోట్లు” అన్న మాట లోపలికి రావాలి.

పాత సంచిక:
నేను ఒప్పుకోను. అవధానంలో పురాణకథ వస్తే ఎవరూ వచనం అడగరు, ఎందుకంటే కథ తెలుసు. కామిక్సు చదివేవాళ్ళకు ఈ డెబ్బై రెండు అలాంటిదే. పైగా అంకె ఏమిటో తెలియకుండా “జీవమ్ము” దాకా చదివి, అప్పుడు “ఫోను” దగ్గర ఉలిక్కిపడటం ఉంది చూశారూ, వోట్లు అని ముందే చెప్తే అది పోతుంది.

ద్రుతం (నిర్వహణ):
ఇద్దరి మాటా వింటే నాకు పాత సంచిక గారి వైపే మొగ్గు. ఈ పద్యంలో నన్ను పట్టుకున్నది “జనులె”లోని ఏకారం. ఇంతవరకు వచ్చిన పూరణలన్నీ చంపినవాడు, అమ్మినవాడు ప్రచురణకర్త అన్నట్టు ఉన్నాయి. ఇక్కడ కొన్నవాళ్ళే చంపారు. మనమే అని ఎవరైనా అంటారేమో, నేను ఫోన్ చేయలేదు.

బెలూన్ మాట:
చేయగలిగితే ఏ నంబరుకు చేసేవారు?

ద్రుతం (నిర్వహణ):
అది చెప్పను.

యతిభంగం:
ఇంతసేపు అందరి తప్పులూ ఎంచాను కాబట్టి నేనూ ఒకటి పెట్టి దెబ్బలు తినాలి. 1973, అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 121. వంతెన మీద నుంచి పడుతున్న గ్వెన్ స్టేసీ, అతను ప్రేమించిన అమ్మాయి.

కాలు పట్టె నూలు, కాపాడె ననుకొనె
మెడను విరిచె నదియె మేలు చేయ
నాటి నుండి యతడు నవ్వుచు నేడ్చును
చచ్చినట్టివాడె సంచికమ్మె

బెలూన్ మాట:
దొరికారు! చచ్చింది గ్వెన్. ఆడపిల్ల. “వాడె” ఎలా కుదురుతుంది?

పాత సంచిక:
ఇంకోటి. “పట్టె నూలు” అంటే పట్టెన్ + ఊలు అని కూడా విడుతుంది. సాలీడు ఊలు వడుకుతోందా?

యతిభంగం:
ఊలు సంగతి నవ్వి వదిలేయండి. “వాడె” మాత్రం తెలిసే వేశాను. చచ్చినది ఆ అమ్మాయి, చచ్చినట్టు అయినవాడు పీటర్, అంటే స్పైడర్‌మ్యాన్. “చచ్చినట్టి” అన్న మాటను “చచ్చిన అట్టి” అనే కాదు, చచ్చినంత పని అయినవాడు అని కూడా తీసుకోవచ్చని నా వాదన. ఆ బొమ్మలో ఆమె మెడ దగ్గర చిన్న అక్షరాలతో ఎముక విరిగిన చప్పుడు రాసి ఉంటుంది. పట్టుకున్న తర్వాతే ఆమె పోయింది. కాపాడాననుకుని పైకి లాగుతూ సరదాగా మాట్లాడతాడు. నాకు ఆ చప్పుడు కన్నా ఆ మాటలే ఎక్కువ బాధ.

ద్రుతం (నిర్వహణ):
వ్యాకరణంగా అడిగితే “చచ్చినట్టివాడు”కు ఆ అర్థం లాగడం కొంచెం బలవంతమే. ఇదే పూరణ ఇంకొకరు పెట్టి ఉంటే మీరు ఒప్పుకునేవారా?

యతిభంగం:
ఒప్పుకునేవాణ్ణి కాదు.

ద్రుతం (నిర్వహణ):
రెండో పాదం కోసం నేను ఒప్పుకుంటున్నాను. “మేలు చేయ” అని చివర పెట్టడం వల్ల ఆ దారం తప్పు లేకుండానే చంపింది.

గళ్ళకాగితం:
అమ్మడం గురించే మాట్లాడుతున్నాం కాబట్టి ఒక మాట. 1982లో కెప్టెన్ మార్వెల్ చనిపోయాడు. క్యాన్సర్‌తో, మంచం మీద. యుద్ధం లేదు, పేలుడు లేదు. అతని శత్రుజాతి స్క్రల్లుల సేనాని వచ్చి పతకం ఇచ్చి వెళ్తాడు. పద్యం రాద్దామని కూర్చున్నాను, ప్రతిసారీ నాలుగో పాదం అడ్డొచ్చింది. “అమ్మె” అని ముగించడానికి చెయ్యి రాలేదు. పూరణ లేదు, చెప్పాలనిపించింది.

ద్రుతం (నిర్వహణ):
పూరణ లేకపోయినా ఈ మాట ఉండనివ్వండి.

పాత సంచిక:
గడువు ముగిసేలోపు ఇంకొకటి. మొదటిదాని తప్పుకు పరిహారం అనుకోండి. స్పైడర్‌మ్యాన్ మొదట వచ్చిన అమేజింగ్ ఫాంటసీ 15, 1962 ఆగస్టు. ఆ పత్రికకు అదే చివరి సంచిక.

కడకు వచ్చినట్టి కథల పుస్తకమున
సాలె కుఱ్ఱవాడు జన్మమెత్తె
పెద్దదిక్కు పోయె, పిలుపు మాత్రము నిల్చె
చచ్చినట్టివాడె సంచికమ్మె

కేపు లేని కవి:
ఇందులో చచ్చింది పత్రికా? అతన్ని పెంచిన అంకుల్ బెనా?

పాత సంచిక:
మీకు ఏది తోస్తే అది. పత్రిక చస్తూ అమ్ముడుపోయింది, మరుసటి ఏడే అతనికి సొంత పత్రిక వచ్చింది. అంకుల్ పోయినందుకు అరవై ఏళ్ళు దాటినా కథ నడుస్తోంది.

యతిభంగం:
ఛందస్సులో వేలు పెట్టే చోటు దొరకలేదు. “అంకుల్” మాత్రం పద్యంలో లేకపోవడం మంచిదైంది. పీటర్ తండ్రికి బెన్ అన్న. మనకు పెదనాన్న అవుతాడు. బాబాయ్ అని, మామయ్య అని రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. “పెద్దదిక్కు”లో ఆ “పెద” అనుకోకుండా పడింది.

పాత సంచిక:
అనుకోకుండా పడలేదండీ.

బెలూన్ మాట:
పాత అభిమానుల్లో ఒక సామెత ఉండేది. కామిక్సులో బకీ (కెప్టెన్ అమెరికా సహచరుడు), జేసన్ టాడ్, అంకుల్ బెన్, ఈ ముగ్గురు తప్ప ఎవరూ చచ్చి ఊరుకోరు అని. 2005లో బకీ వచ్చేశాడు. జేసనూ అదే ఏడు వచ్చేశాడు. నా పద్యంలో మూడో పాదం అప్పుడే అబద్ధమైపోయింది.

కేపు లేని కవి:
మరి పెదనాన్న కూడా వచ్చేస్తే?

పాత సంచిక:
అప్పుడు పద్యం తీసేస్తాను.