పిలవని పేరంటంలా వచ్చిన ఫోల్డర్లు: తీసేద్దామా, ఉంచుదామా?

నీలితెర:
విండోస్ 11, ఇంట్లో వాడే కంప్యూటర్. సీ డ్రైవ్‌లో ‘ఐనెట్‌పబ్’ అనే ఫోల్డర్ ఉంది, లోపల ఖాళీ. డీ డ్రైవ్‌లో అంకెలూ అక్షరాలూ కలగాపులగంగా ఉన్న పొడుగాటి పేరుతో ఇంకొకటి. రెండూ ఇంట్లో ఎవరూ పెట్టినవి కావు. కొందరు వైరస్, తీసేయమంటున్నారు. కొందరు ముట్టుకోవద్దంటున్నారు. ఏది సరైనది?

పాతకీబోర్డు:
తీసేయండి. ఖాళీ ఫోల్డర్ పోతే పోయేదేముంటుంది? రెండోది ఏదో అప్‌డేట్ మూట విప్పుకున్న చోటు. పనయ్యాక ఊడ్చుకోకుండా పోయింది, అంతే. భయమైతే పేరు మార్చి వారం రోజులు వాడి చూడండి. ఏ పనీ ఆగకపోతే డిలీట్.

రాగితీగ:
రెండు రోగాలకీ ఒకటే గోలీ ఇస్తున్నారు, పాతకీబోర్డు గారూ.

అంకెల ఫోల్డర్ విషయంలో మీ మాటే నా మాట. నెలనెలా వచ్చే మైక్రోసాఫ్ట్ మాల్వేర్ తొలగింపు టూల్ లాంటివి ఎక్కువ ఖాళీ ఉన్న డ్రైవ్ చూసుకుని దాని మొదట్లోనే విప్పుకుంటాయి. ఆ సమయానికి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించి ఉంటే అందులోనైనా సరే. లోపల ‘ఎమ్మార్టీస్టబ్’ ఫైల్ ఉంటే అది ఆ టూల్ వదిలిందే. రీస్టార్ట్ తర్వాత కూడా మిగిలి ఉంటే తీసేయొచ్చు. ‘యాక్సెస్ డినైడ్’ అంటే ఆ ఒక్క ఫోల్డర్‌కే ఓనర్‌షిప్ (యజమాని హక్కు) తీసుకోండి. విసుగొచ్చి డ్రైవ్ మొత్తానికి తీసుకుంటే, అదీ సీ డ్రైవ్ అయితే, స్టోర్ యాప్‌ల నుంచి అప్‌డేట్ల దాకా అనుమతులన్నీ చెడి చివరికి విండోస్ మళ్ళీ వేసుకోవాల్సిందే.

ఐనెట్‌పబ్ వేరు. 2025 ఏప్రిల్ 8 నాటి అప్‌డేట్ (విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కి దాని నంబరు కేబీ5055523) దాన్ని కావాలనే పెట్టింది. సీవీఈ-2025-21204 అనే నంబరున్న భద్రతా లోపానికి అది మందు. ఐఐఎస్ (విండోస్‌తో వచ్చే వెబ్ సర్వర్) వాడకపోయినా ఉంచమని మైక్రోసాఫ్టే చెప్పింది.

పాతకీబోర్డు:
ఖాళీ ఫోల్డర్ కాపలా కాయడమేంటండీ, దిష్టిబొమ్మా?

రాగితీగ:
పోలిక బాగుంది గానీ, దిష్టిబొమ్మ కాదు, సీటు మీద వేసిన తువ్వాలు. సీ డ్రైవ్ మొదట్లో మామూలు యూజర్ కూడా కొత్త ఫోల్డర్ పెట్టగలడు. ‘సిస్టమ్’ అనే విండోస్ సొంత ఖాతా అధికారంతో నడిచే అప్‌డేట్ వ్యవస్థ ఒక దారిని నమ్మి వెళ్తుంటే, అదే పేరుతో ముందుగా ఒక జంక్షన్ లింకు (ఫోల్డర్‌లా కనిపించే దారిమళ్ళింపు) పెట్టి ఆ వ్యవస్థను ఇంకో చోటికి మళ్ళించొచ్చు. సిస్టమే ఓనర్‌గా ఆ పేరుతో ఫోల్డర్ ముందే ఉంటే అక్కడ ఇంకెవరూ లింకు పెట్టలేరు. అందుకే మీ ‘పేరు మార్చి చూడండి’ సలహా ఇక్కడ చెల్లదు. ఇక్కడ కాపలా కాస్తున్నది ఆ పేరే. మార్చడమంటే తీసేయడమే.

సర్వర్‌గది:
ఆ మందుకీ ఓ తలనొప్పి ఉంది. అప్‌డేట్ వచ్చిన నెలలోనే భద్రతా పరిశోధకుడు కెవిన్ బ్యూమాంట్ చూపించాడు: ఐనెట్‌పబ్ పేరుతో నోట్‌ప్యాడ్ వైపు జంక్షన్ పెడితే ఆ తర్వాతి అప్‌డేట్లు దిగకుండా ఆగిపోతున్నాయి, దానికి అడ్మిన్ హక్కు కూడా అక్కర్లేదు. కాబట్టి పాతకీబోర్డు గారి వెటకారంలో కొంత న్యాయం లేకపోలేదు. అయినా తీసేయమనడానికి అది కారణం కాదు. ఫోల్డర్ లేకపోతేనే కదా ఆ లింకు పెట్టే వీలు.

నీలితెర:
ఇప్పటికే తీసేసి ఉంటే? రైట్‌క్లిక్ చేసి అదే పేరుతో కొత్తది పెట్టేస్తే సరిపోతుందా?

సర్వర్‌గది:
సరిపోదు. అప్పుడు దానికి ఓనర్ మీరు, అనుమతులూ మామూలు ఫోల్డర్‌వే. కంట్రోల్ ప్యానెల్‌లో ‘టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్’ తెరిచి ‘ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్’కి (అదే ఐఐఎస్) టిక్ పెట్టి ఓకే. ఫోల్డర్ సరైన అనుమతులతో వస్తుంది. వచ్చాక టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. లేకపోతే అక్కర్లేని వెబ్ సర్వర్ ఒకటి 80వ పోర్టులో నడుస్తూ ఉంటుంది. ఫోల్డర్ మాత్రం ఉంటుంది.

ఇక ఏ ఫోల్డర్‌కైనా సరే, ముందు రెండు చూడండి. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లో పైనుండే ఓనర్ పేరు. తర్వాత అది పుట్టిన తేదీ, సమయం. ఆ తేదీని విండోస్‌లోనే ఉండే రిలయబిలిటీ మానిటర్‌లో పెట్టి చూస్తే ఆ రోజు ఏ అప్‌డేట్, ఏ సాఫ్ట్‌వేర్ దిగాయో కనిపిస్తుంది. రెండూ కలిస్తే సగం పని అయినట్టే. సగమే, ఎందుకంటే సిస్టమ్ హక్కులు దొరికిన మాల్వేర్‌కీ ఓనర్ ‘సిస్టమ్’ అనే ఉంటుంది.

పెన్‌డ్రైవ్_పంతులు:
తీసేయమనే వాళ్ళకి ఇంకో మాట. జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఒక్క షార్ట్‌కట్ మాత్రమే కనిపించి, దాచిన ఫైళ్ళు చూపించమంటే పేరే లేని ఫోల్డర్ బయటపడుతుంది. చూడగానే దాన్నే వైరస్ అనుకుని తీసేస్తారు. మీ ఫైళ్ళన్నీ అందులోనే ఉంటాయి! తీసేయాల్సింది షార్ట్‌కట్‌ని, స్క్రిప్టు ఫైళ్ళని. ముందు కంప్యూటర్ స్కాన్ చేసి, ఆ తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఆట్రిబ్ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్ గుర్తులు తీసేయండి. స్లాష్ ఎస్, స్లాష్ డీ రెండూ ఉండాలి. స్లాష్ డీ మర్చిపోతే ఫోల్డర్లు దాగే ఉంటాయి.

‘ఫౌండ్’ డాట్ మూడు సున్నాల ఫోల్డర్ కనిపిస్తే మాత్రం దాన్ని వదిలేసి డిస్కు సంగతి చూడండి. డిస్కు తప్పులు సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ ఏరి పెట్టిన ఫైళ్ళ ముక్కలవి. ముందు బ్యాకప్, తర్వాతే స్మార్ట్ రీడింగ్‌లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే లెక్క) పెండింగ్ సెక్టార్లు, అంటే చదవలేకపోతున్న చోట్లు, ఎన్నో చూడటం.

పాతకీబోర్డు:
ఐనెట్‌పబ్ సంగతి ఒప్పుకున్నా. మరి తీసేసినా మళ్ళీ మళ్ళీ పుట్టే వాటికి?

రాగితీగ:
ప్రాసెస్ మానిటర్, ఏ ప్రోగ్రామ్ ఏ ఫైల్‌ని ముట్టుకుందో చూపే మైక్రోసాఫ్ట్ టూల్. ‘పాత్’ ఫిల్టర్‌లో ఫోల్డర్ పుట్టే చోటు, ‘ఆపరేషన్’లో క్రియేట్‌ఫైల్, ‘డీటెయిల్’లో ‘ఓపెన్‌రిజల్ట్: క్రియేటెడ్’ పెట్టండి. ఫిల్టర్ మెనూలో ‘డ్రాప్ ఫిల్టర్డ్ ఈవెంట్స్’ టిక్ చేయకుండా రాత్రంతా వదిలేస్తే మెమరీ నిండిపోతుంది. స్టార్టయ్యేటప్పుడే పుట్టేవైతే ఆప్షన్స్‌లో బూట్ లాగింగ్ ఆన్ చేయండి. సిస్టమ్ ప్రొఫైల్ లోపలి యాప్‌డేటా లోకల్‌లో ‘టీడబ్ల్యూ’తో మొదలయ్యే ఖాళీ టెంప్ ఫోల్డర్లు వేలల్లో ఉంటే, వాటిని పుట్టించేది విండోస్ వారి ప్రొవ్‌టూల్ అనే ప్రోగ్రామే అని అక్కడే తేలుతుంది.

పాతకీబోర్డు:
వాటినైనా తీసెయ్యనివ్వండి!

రాగితీగ:
నిక్షేపంగా. మళ్ళీ వస్తాయి, అంతే.