పాప బోర్లా పడుకుంటే తల ఎత్తడం లేదు

పాపకు 11 వారాలు. చాప మీద బోర్లా వేస్తే నిమిషం కాకముందే ముఖం ఆనించి ఏడుస్తోంది. బాగా టెన్షన్‌గా ఉంది.

— మా బాబూ అంతేనండి. ముందు నేను వెనక్కి వాలి కూర్చుని, వాణ్ని నా గుండెల మీద బోర్లా పడుకోబెట్టాను. నా ముఖం కోసం తల ఎత్తేవాడు! తర్వాత పాత చీర చుట్టి చంకల కింద పెట్టి, చేతులు ముందుకు జరిపి, ఎదురుగా గిలక్కాయ ఆడించాను. పాలు తాగాక అరగంట ఆగండి, లేకపోతే కక్కేస్తారు. మొదట్లో రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కో నిమిషం చాలు, తర్వాత మెల్లగా పెంచండి. ఏడిస్తే ఎత్తుకోండి.

— నిద్రకు మాత్రం వెల్లకిలానే. 4 నెలలు నిండినా ఎత్తుకున్నప్పుడు మెడ నిలవకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి.

— గుండెల మీద వేశాను, రెండుసార్లు నా వైపు చూసింది!