ఛాతీ మీద కెలాయిడ్‌కు లేజర్ చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఇంటర్‌లో ఉన్నప్పుడు ఛాతీ మధ్యలో వచ్చిన మొటిమ మానింది గానీ, ఆ చోట మచ్చ గట్టిపడి పెరుగుతూ వచ్చింది. ఇప్పుడు చింతగింజ కన్నా పెద్దగా, ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. మొటిమ ఉన్న చోటు దాటి అంచులు పక్కలకు పాకాయి. ఎండాకాలం చెమటకు బనీను అంటుకుంటే ఒకటే దురద, మంట.

స్కిన్ డాక్టర్ చూసి కెలాయిడ్ అన్నారు. నెలకోసారి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ నేరుగా గడ్డలోకే ఇస్తున్నారు. గడ్డ గట్టిగా ఉంటుంది కదా, మందు దిగేటప్పుడు పళ్లు బిగబట్టాల్సిందే. కొంచెం మెత్తబడింది, ఎరుపు మాత్రం తగ్గలేదు. దానికి పల్స్‌డ్ డై లేజర్ పనికొస్తుందని, ఇంజెక్షన్లతో కలిపి చేస్తే మేలని ఆయన మాట.

ఇంకో క్లినిక్‌లో అడిగితే సీఓ2 లేజర్‌తో ఒక్క సిట్టింగ్‌లో కాల్చి తీసేస్తామన్నారు. నాకు నమ్మకం కుదరట్లేదు. కెలాయిడ్‌ను ఉత్తగా కోసినా, కాల్చినా మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ముందుకన్నా పెద్దగా. పైగా నాది చామనఛాయ. లేజర్ పడ్డచోట నల్లమచ్చ మిగులుతుందేమోనని టెన్షన్.

వరంగల్‌లో గానీ కరీంనగర్‌లో గానీ పల్స్‌డ్ డై లేజర్ ఉందా, లేక హైదరాబాద్ పోవాల్సిందేనా? సిట్టింగ్‌కు ఎంత తీసుకున్నారు? ఏడాది దాటాక మళ్లీ పెరిగిందా? మచ్చ మీద అంటించుకునే సిలికాన్ షీట్లు వాడినవాళ్లు కూడా చెప్పండి, మన ఎండలకు అవి ఛాతీ మీద నిలుస్తాయా?